ఆదివారం డాక్టరమ్మ

పోయిన వారం ఒంట్లో నీరసంగా ఉందంటే డాక్టరు బి-కాంప్లెక్స్ మాత్రలు రాశాడు. ఆఫీసులో కూర్చుని రేకు చింపానో లేదో, నాలుక వెనకాల చేదు పుట్టించే ఆ పాత ఘాటు వాసన గుప్పుమంది. పక్క సీటావిడ ముక్కు మూసుకుంది. నేను మాత్రం రాయ్‌పూర్‌లో ఆ ఏసీ గదిలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి, భిలాయి సెక్టర్ 4లో మా క్వార్టరు ముందుగదిలోకి, చాప మీద నలుగురైదుగురు పెద్దవాళ్లు మాత్రల పొట్లాలు ఒళ్లో పెట్టుకుని తమ వంతు కోసం చూస్తున్న ఒక ఆదివారం మధ్యాహ్నంలోకి వెళ్లి పడ్డాను.

మా నాన్న ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. పార్వతీపురం పక్క పల్లె నుంచి పెళ్లికి ముందే వచ్చేశాడు, ఆయన వెనకే ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఒకళ్లని చూసి ఒకళ్లు వచ్చి చేరారు, మా బ్లాకులో పిలిస్తే పలికే దూరంలోనే మామలూ అత్తలూ పిన్నులూ అందరూ ఉండేవాళ్లు. వేసవిలో కూలరులో తడిసిన వట్టివేళ్ల వాసన, వానల్లో మెట్ల కింద ఆరని బట్టల వాసన, చలికాలం పొద్దున్నే ఎవరింటి ముందో రాజేసిన బొగ్గుల పొయ్యి పొగ, ఆ పొగలోనే మేం ఏడుపెంకులాటలాంటి పిట్టూల్ ఆడుతూ రాళ్లు పేర్చడం, ఆటయ్యాక ఉప్పూకారం అద్దిన రేగుపళ్లు చప్పరించడం. ఆదివారమైతే అమ్మ పనసపొట్టు ఆవ పెట్టి వండేది, ఆ ఆవ ఘాటు మెట్ల దాకా వచ్చేది, తిన్నవాళ్లంతా గంటసేపు నిద్రపోయి లేచి, ముఖాలు కడుక్కుని, మా ఇంటికి బయల్దేరేవాళ్లు.

వచ్చేది మా అక్క హైమ కోసం. నాకంటే ఏడేళ్లు పెద్దది. పదకొండో తరగతిలో బయాలజీ తీసుకున్న రోజునే మా వాళ్ల లెక్కలో అది డాక్టరైపోయింది. ప్లాంటులో పనిచేసేవాళ్లందరికీ ఆస్పత్రి వాళ్లు ఒక మెడికల్ బుక్కు ఇస్తారు, జబ్బూ మందూ అందులోనే రాస్తారు, ఆ ఇంగ్లీషు మా వాళ్లకు చదవరాదు. ఆ బుక్కులు పట్టుకుని అక్క దగ్గరకు వచ్చేవాళ్లు. అక్క ఒక్కొక్క రేకూ కత్తెరతో విడదీసి, పాత నోటుబుక్కు కాగితాలతో పొట్లాలు కట్టి, పొద్దున వేసుకునేవాటి మీద సూర్యుణ్ణి, రాత్రివాటి మీద చంద్రుణ్ణి, అన్నం తిన్నాక వేసుకునేవాటి మీద కంచాన్ని పెన్నుతో వేసి ఇచ్చేది. దగ్గర్లోని ఉతై ఊరి నుంచి కూరగాయల గంప ఎత్తుకొచ్చే బాయి కూడా గంప గుమ్మంలో దించి, డిస్పెన్సరీ చీటీ చాపి, "నోనీ, ఏ ల కబ్ ఖాహూఁ?" అని అడిగేది. ఎప్పుడు మింగాలో అక్క చెప్పేది, చెప్పిందంతా ఆమె చేత మళ్లీ ఒకసారి చెప్పించుకునేది. కింది ఇంటి అప్పలనాయుడు మామకు సుగర్. ఆయన కాలివేళ్ల మధ్య పుండు పడితే, పొట్లాలు కట్టడం ఆపి ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని చూసింది.

"దీన్ని తడవనీకు మామా. ఆదివారం మళ్లీ సూపించు," అంది.

మామ కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కాలు ఇంట్లో ఎవరూ ముట్టుకునేవారు కారట.

ఆ ఏడాది చలికాలంలో బడి వాళ్లు బయాలజీ పిల్లలందరినీ ఒక రోజంతా ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎవరెవరు ఏమేం కావచ్చో కళ్లారా చూసుకుంటే మంచిదని వాళ్ల టీచరు ఉద్దేశం. ల్యాబూ ఎక్స్‌రే గదీ మందుల కౌంటరూ వార్డులూ అన్నీ తిప్పారు. మిగతా పిల్లలు ఆపరేషన్ థియేటరు తలుపు దాకా వెళ్లామని చెప్పుకున్నారు. అక్క మాత్రం ఇంటికొచ్చి చేతులైనా కడుక్కోకుండా, ఒక ముసలాయన మంచం మీద ఉండగానే, ఆయన్ని లేపకుండానే, కింద దుప్పటి మొత్తం మార్చేసిన ఒక సిస్టర్ గురించి చెప్పింది. చెప్పడంతో ఆగలేదు. నన్ను మంచం మీద పడుకోబెట్టి, ఒక పక్కకు ఒత్తిగిలించి, నా వీపు దాకా పాత దుప్పటిని చుట్టి, దాని వెంటే కొత్తది పరిచి, "ఇప్పుడిటు దొర్లు, నీకేటీ అవదు" అంటూ ఆ మడత మీంచి నన్ను దొర్లించింది. ఎండకు ఆరిన దుప్పటి వెచ్చదనం ఒక్కసారిగా వీపుకు తగిలింది. ఆ చలికాలమంతా రోజూ నేనే పేషెంటుని, రోజూ ఆ దుప్పటి మార్పించుకున్నాను, అంత హాయిగా నన్నెవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. మనిషికి నొప్పి తెలియకుండా పట్టుకోవడం ఆ చేతులకు ఎవరూ నేర్పకుండానే వచ్చు.

పన్నెండో తరగతి అయింది, మెడికల్ ఎంట్రన్సు రాసింది, సీటు రాలేదు. నాన్న వచ్చే ఏడు వస్తుందన్నాడు. అక్క మాత్రం ఎవరికీ చెప్పకుండా నర్సింగ్ స్కూలు ఫారం తెచ్చుకుంది. తండ్రి సంతకం కావాలి. నాన్న సంతకం అచ్చు దించడంలో నాది అందె వేసిన చెయ్యి, నా లెక్కల పేపర్లన్నిటి మీదా ఆయన పేరుతో ఉన్నవి నా సంతకాలే. రెండు ప్లేట్ల గుప్‌చుప్, అదే పానీపూరీ, ఇప్పిస్తానంటే పెట్టేశాను. ఫారం సోమవారం ఇవ్వాలి. చేరాక, నేనే నిదానంగా నాన్నకు చెప్పుకుంటాను, అప్పటిదాకా నోరు మెదపకు అంది అక్క. సరేనని ఒట్టేశాను. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆ ముందురోజే రథయాత్ర. సన్నటి జల్లులో జగన్నాథుడి రథం చూసి, తాడు ఒకసారి పట్టుకుని లాగామనిపించుకుని, ప్రసాదం కాజాలు పట్టుకుని అందరం మా ఇంటికే వచ్చాం. అమ్మ గారెలూ పులిహోరా చేసింది. ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేదు, తడిసిన చెప్పులన్నీ గుమ్మంలో గుట్టపడ్డాయి. అప్పలనాయుడు మామ పండగపూటా బుక్కు మర్చిపోలేదు, దాన్ని పైకెత్తి చూపించి, "మా డాక్టరమ్మ ఉండగా నాకేటి బెంగ" అన్నాడు. అందరూ అవునవునన్నారు. ఆ గదిలో అంతమంది అక్కనే చూస్తున్నారు, నన్నెవరూ చూడటం లేదు. నాకూ ఒక గొప్ప ఉందని చెప్పాలనిపించింది, అంతకు మించి ఏ చెడ్డ ఉద్దేశమూ లేదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

"అక్క డాక్టరు కాదు మామా, నర్సు. ఫారం మీద నాన్న సంతకం నేనే పెట్టీసినాను," అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. చిన్నపిల్ల వేళాకోళమనుకున్నారు. నాన్న నవ్వలేదు. గారె కంచంలో పెట్టేసి అక్క ముఖంలోకి చూశాడు, ఆ ముఖం చూస్తే ఇంక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

అందరూ వెళ్లాక ఫారం అడిగి తీసుకున్నాడు. చింపలేదు, కేకలెయ్యలేదు, నన్ను కొట్టనైనా లేదు. నేను పుట్టకముందు ఓవెన్ల దగ్గర చేతులు కాలి ఆయన నెల రోజులు వార్డులో ఉన్నాడు, ఆ నెలంతా ఆయనకు అన్నం తినిపించింది సిస్టర్లే. "ఆళ్లని ఎవులెవులు ఎలగ కసురుతారో నాను సూసినానమ్మా. నిన్నలగ కసరడం నాను సూడలేను," అన్నాడు. ఫారం వంక చూస్తూ, "పదిమందిలో డాక్టరని సెప్పుకున్నాను," అన్నాడు. రెండో మాట మెల్లగా అన్నాడు గానీ అక్కకు వినపడింది అదే. ఫారం మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

సోమవారం గడిచిపోయింది. అక్క రోజూలాగే నాకు జడలు వేసి బడికి పంపింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడు డ్రాప్ అన్నారు. బడి అయిపోయి ఏ కాలేజీలోనూ చేరకుండా ఎంట్రన్సు కోసమే కూర్చునే ఏడాదికి మా ఊళ్లో అదే పేరు, భిలాయిలో ఆ మాట తెలియని ఇల్లు లేదు. పొద్దున కోచింగు, సాయంత్రం కోచింగు, గోడకు సూత్రాలు రాసిన కాగితాలు. తర్వాత ఇంకో డ్రాప్, ఆ తర్వాత ఇంకోటి. మొదట్లో ఆదివారాలు ఆగలేదు, మామలూ అత్తలూ వస్తూనే ఉన్నారు, "ఈపాలి వొచ్చేస్తాదిలే డాక్టరమ్మా" అంటూ బుక్కు చాపేవాళ్లు. వాళ్లు మనస్ఫూర్తిగానే అనేవాళ్లు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అక్క మెడ కొంచెం వంగేది. పొట్లాల మీద బొమ్మలు మానేసి ఉత్త అంకెలు వేయడం మొదలెట్టింది. నాలుగో ఏడు ఒక ఆదివారం తలుపు కొట్టిన చప్పుడు కాగానే లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. నేను బయటికెళ్లి అక్క కోచింగుకు వెళ్లిందని చెప్పాను. ఆదివారం కోచింగు ఉండదని అప్పలనాయుడు మామకు తెలుసు. ఆయన మూసిన తలుపు వంక చూసి, బుక్కు చంకలో పెట్టుకుని, కాలీడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒకరొకరుగా అందరూ రావడం మానేశారు.

ఇప్పుడు ఆ క్వార్టరులో వేరే ఎవరో ఉంటున్నారు. మా వాళ్లలో సగంమంది పోయారు, కొందరు రిటైరై ఊళ్లకు వెళ్లిపోయారు, వాళ్ల మనవలకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలో ఇస్తారు. అమ్మ లేదు. భిలాయిలోనే రుఆబాంధాలో ఒక చిన్న ఇంట్లో నాన్నా అక్కా ఉంటారు. అక్క పెళ్లి చేసుకోలేదు, చీరలకు ఫాల్స్ కుడుతుంది. అడిగినదానికే జవాబు చెబుతుంది. నాన్న ఇప్పటికీ కొత్తవాళ్లు కనిపిస్తే మా పెద్దమ్మాయికి సీటు అందినట్టే అంది చేజారిపోయిందని చెబుతాడు, ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క లేచి లోపలికి వెళ్తుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆ రోజు నేనేం చేశానో మళ్లీ గుర్తుచేసినట్టవుతుందని ఊరుకున్నాను, అది నా పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు.

కిందటి నెల నేను వెళ్లినప్పుడు పొద్దున్నే స్నానాలగదిలో నాన్న జారిపడ్డాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారుతోంది. నేను తువ్వాలు పట్టుకుని ఎక్కడ అదమాలో తెలియక చెంపలు తుడుస్తున్నాను. ఎలా లేపాలో, తల ఎటు పెట్టాలో, ఏదీ తెలియదు. నాన్న నా చేతులు తోసేసి, "హైమా, హైమా" అని పిలిచాడు.

అక్క గుమ్మం దాకా వచ్చింది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"నాకు రాదే అమ్మలూ. నువ్వే సూడు," అంది.

నేను తువ్వాలు కళ్ల మీదే అదిమేశాను, నాన్న మూలిగాడు, కాసేపటికి మళ్లీ సరిగ్గా పెట్టాను. అక్క మాట ఆయన విన్నాడు. "దానికి రాకపోడమేటి," అన్నాడు, నాతో కాదు, తనలో తనే. ఆ తర్వాత హైమా అని పిలవలేదు, ఎవరినీ పిలవలేదు. పక్కింటి భయ్యా సాయంతో ఎలాగో లేపి ఆటోలో కూర్చోబెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క మోకాళ్ల మీద కూర్చుని, చీపురూ బకెట్టూ పక్కన పెట్టుకుని, నేల మీద రక్తం కడుగుతోంది.