పెత్రామాస నాటి కూర

ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి నుంచి గాలి కారడం ఆగక మా బాపు చనిపోయాడు. అలాంటి కోతలను మూసే జిగురును తయారుచేసే ప్రయోగశాలలోనే నేనిప్పుడు పనిచేస్తున్నాను. జిగురును పరీక్షించడానికి గొర్రె ఊపిరితిత్తులు కావాలి. వాటికి ముందే ఒక్క గాటు పడినా పనికిరావు.

పోయిన పెత్రామాసకు, అంటే చనిపోయిన పెద్దలకు వండి పెట్టే అమావాస్యకు, కోస్గి దగ్గరి మా ఊళ్లో చిన్నాయన గొర్రెను కోస్తున్నాడంటే ఐసు డబ్బాతో వెళ్లాను. మర్నాడే పరీక్ష. ఊపిరితిత్తులు ముట్టుకోవద్దని చిన్నమ్మకు మరీ మరీ చెప్పి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అవి ముక్కలై పొయ్యి మీద ఉడుకుతున్నాయి.

"ఎన్నిసార్లు చెప్పిన చిన్నమ్మా నీకు!" అని అరిచాను.

"కొయ్యకుంటె ఎట్ల ఉడుకుతయి బిడ్డా? మీ బాపుకు గవంటె మస్తు ఇష్టం. ఏడాదికొక్కనాడు వచ్చే మనిషికి ఇస్తార్ల గవి లేకుంటె ఎట్ల? నీ జిగురు మల్లోపాలి జూస్కో" అంది, బాపు పేరిట వేసిన విస్తరిని చూపిస్తూ.

పరీక్ష వాయిదా పడింది. నా ఐసు డబ్బాలో కూర గిన్నె పెట్టి పంపింది చిన్నమ్మ.

ఆ కోపం ఇంకా పోలేదు. కానీ బాపుకు ఆ కూర ఇష్టమన్న సంగతి ఆమె చెప్పేదాకా నాకు గుర్తే లేదు. నాకు గుర్తున్నది దవాఖాన మంచం మీది బాపు ఒక్కడే.