సగం మాస్టారు

మా బావంటే నాకు పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. అక్క మొగుడు కాబట్టి ఇన్నేళ్ళు భరించాను. వాళ్ళ పెళ్ళినాటికి నాకు పదేళ్ళు. పీటల మీద నుంచి లేచి ఆయన నాతో అన్న మొదటి మాట, "ఇదేంటి, ఎప్పుడూ నోరు తెరుచుకుని గాల్లోకి చూస్తుంది?" అప్పటి నుంచి నేను ఆ ఇంట్లో గాలిబుర్రని.

ఆయన ప్రెస్సులో కటింగ్ మాస్టారు. ఆ పేరుతో మాత్రం ఎవరూ పిలవరు, సగం మాస్టారు అంటారు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను దొంతరగా పేర్చి బ్లేడు కింద సరిగ్గా సగానికి కోయడం ఆయన పని. స్కేలు పెట్టడు. బొటనవేలు ఆనించి, ఒక కన్ను మూసి, "ఊఁ" అంటాడు. బ్లేడు దిగాక ఎవరైనా కొలిచి చూసినా రెండు ముక్కలకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, అంత తిన్నగా కోసేవాడు ఇంకొకడు లేడు.

ఆ పనితనాన్ని ప్రెస్సులోనే వదిలేసి వస్తే బాగుండేది. ఇంటికి కూడా మోసుకొచ్చాడు. కొత్త సబ్బు తేగానే రెండు ముక్కలు చేస్తాడు, సగం సబ్బు కూడా అంతే నురగ ఇస్తుందట. అక్క ఆపిల్ పండు కోస్తే పక్కన నిలబడి, "అటుపక్క ఎక్కువైంది" అంటాడు. మందులకూ అదే లెక్క. బీపీకి డాక్టరు రోజుకో బిళ్ళ రాస్తే ఆయన సగమే మింగుతాడు. "ఈ డాక్టర్లు ఎప్పుడూ రెట్టింపు రాస్తారే. మనం సగం వేసుకుంటే సరిగ్గా సరిపోద్ది" అని అక్కకి పాఠం చెబుతాడు. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ బీపీ ఎక్కువే ఉండేది. అప్పుడు డాక్టరుగారి మిషన్ పాడైందని తిట్టి వచ్చేవాడు.

అదే ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దుతాను. ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆ సంగతి వారానికి రెండుసార్లు గుర్తు చేస్తాడు కాబట్టి నేను మర్చిపోయే అవకాశం లేదు. వాళ్ళింటి వెనక గదిలోనే ఉంటాను. అందరిదీ ఒకే వంట.

ప్రూఫులు చదవడం నాకు నరకంగా ఉండేది. కళ్ళు వరస వెంట పోయేవి, నేను మాత్రం ఎక్కడో ఉండేదాన్ని. ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు. ఒకసారి భూగోళం పుస్తకంలో ఒక కొండ ఎత్తుకి సున్నా ఎక్కువ పడితే చూసుకోలేదు. పిల్లలు ఏడాదంతా ఆకాశం దాటిన కొండ గురించి చదువుకున్నారు. ఓనరు పిలిచి ఇంకొక్క తప్పు దొర్లితే ఇంటికి పంపేస్తానన్నాడు. ముప్పై నాలుగేళ్ళ వయసులో భయపడి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ గంటలకొద్దీ అడిగింది. బళ్ళో ఎలా ఉండేదానివి, వస్తువులు ఎన్నిసార్లు పోగొట్టుకున్నావు, మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని. రెండుసార్లు పరీక్షలు పెట్టింది. చివరికి ఇది గాలిబుర్ర కాదనీ, ధ్యాస నిలవని జబ్బు ఒకటుందనీ, దానికి మందుందనీ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ తిట్లన్నీ ఒక్కసారిగా ఒంటి మీంచి దిగినట్టనిపించింది.

బీపీ, గుండె పరీక్ష చూశాకే చీటీ రాసింది. రాస్తూ గట్టిగా చెప్పింది. "పొద్దున్నే ఒకటి, నీళ్ళతో మింగాలి. కొరకొద్దు, నలపొద్దు, ముక్కలు చేయొద్దు. ఇది రోజంతా కొంచెం కొంచెంగా వదిలే బిళ్ళ. విరిగితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. తాళం వేసి పెట్టుకో. ఎవరడిగినా ఇవ్వకు. నీకు మేలు చేసేది బీపీ ఉన్నవాళ్ళ గుండె మీదకి తేవచ్చు."

బిళ్ళ వేసుకోగానే నేనేమీ మేధావిని అయిపోలేదు. నోరు ఎండిపోయేది, మధ్యాహ్నం ఆకలేసేది కాదు, అందుకే ఆవిడ నెలనెలా బరువు, బీపీ చూసేది. కానీ చదువుతున్న వాక్యం చివరిదాకా నేను అక్కడే ఉండేదాన్ని. అది ఎంత సుఖమో పుట్టుకతో ఆ సుఖం ఉన్నవాళ్ళకి చెప్పినా తెలియదు.

అక్కకి మాత్రమే చెప్పాను. డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను కూడా. అక్క బావకి చెప్పింది, బావ ప్రెస్సంతటికీ చెప్పాడు. మధ్యాహ్నం అందరూ టీ తాగుతుంటే గొంతెత్తి, "మా మరదలి బుర్రకి ఇప్పుడు బ్యాటరీ పెట్టించారు. రోజుకో బిళ్ళ వెయ్యకపోతే ఆగిపోద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి ఎప్పుడెప్పుడు ఈయన తల వంచుతానా అని కాచుకు కూర్చున్నాను.

బడిపుస్తకాల సీజను వచ్చింది. ఆ ఏడు ఓనరు మీట నొక్కితే కొలత చూసుకుని కోసే కొత్త మెషిన్ ఒకటి తెచ్చి, దానికో మనిషిని పెట్టాడు. సీజను అయ్యేసరికి ఎవరు ఎక్కువ కట్టలు తెగ్గొడితే వాళ్ళే మాస్టారు, రెండో మనిషి అవసరం లేదన్నాడు. బావకి యాభై ఆరు. రోజుకి పద్నాలుగు గంటలు నిలబడినా కొత్త మెషినుదే పైచేయి. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. జాలి పడాల్సింది. నేను పడలేదు.

ఆ వారంలోనే నా సీసాలో పదిహేడు ఉండాల్సిన బిళ్ళలు పదహారున్నాయి. తాళం వేయమని డాక్టరమ్మ చెప్పినా నేను వేయలేదు. అలమరకి తాళం వేస్తే మమ్మల్ని దొంగలనుకుంటున్నావా అని అక్క నొచ్చుకుంటుందని కిటికీ పక్క అరలోనే పెట్టేదాన్ని. అక్క ముట్టుకోదు. ఇక మిగిలింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఆయన కొత్త మెషిన్ కంటే ముప్పై కట్టలు ఎక్కువ కోశాడు. ఈల వేసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏమ్మా, పని ఎంతవరకూ వచ్చింది?" అని అడిగాడు. గాలిబుర్ర అనలేదు. నాకు నవ్వు ఆగలేదు. బ్యాటరీ అని వెక్కిరించిన మనిషి నా బ్యాటరీ దొంగిలించి నడుస్తున్నాడు! అప్పుడే అడిగేస్తే నాలుగు గోడల మధ్య తేలిపోతుంది. అందుకే ఊరుకున్నాను. సీజను చివరి రోజు ఓనరు అందరినీ నిలబెట్టి మాస్టారు ఎవరో చెబుతాడు కదా, అప్పుడు సీసా తీసి అందరి ముందూ పెడదామనుకున్నాను. రెండోది పోయింది, మూడోది పోయింది. పోయిన ప్రతిసారీ లెక్క చూసుకుని లోపల్లోపల పండగ చేసుకున్నాను.

మూడో రోజుకి ఆయన మొహం మారింది. అన్నం ముద్ద దిగడం లేదు. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంది. పళ్ళు నూరుతున్నాడు. ఒక కట్ట కొంచెం వంకరగా పేర్చారని హెల్పరు మొహాన విసిరికొట్టాడు. ఇంట్లో అక్క మంచినీళ్ళు ఆలస్యంగా ఇస్తే గ్లాసు గోడకేసి కొట్టాడు.

"మీ బావకి ఏదో అయిందే, రెండు రాత్రులుగా కన్ను మూయలేదు" అంది అక్క.

"పని ఒత్తిడి అయ్యుంటుందిలే" అన్నాను.

అయిదో రోజు పదకొండు గంటలకి మెషిన్ చప్పుడు ఆగింది. వెళ్ళి చూస్తే ఆయన కాగితాల కట్ట మీద కూలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. చేత్తో గుండె నొక్కుకుంటున్నాడు. "ఏం లేదు, ఏం లేదు, గాలాడట్లేదు అంతే" అంటున్నాడు. పెదాలు పాలిపోయాయి. ఓనరు కారులో ఆసుపత్రికి పరిగెత్తాం. అక్క ఇంటి నుంచి ఏడుస్తూ వచ్చింది.

లోపల తీగలు తగిలించారు. తెర మీద అంకెలు చూసి నర్సు గబగబా ఇంకొకరిని పిలిచింది. వయసులో చిన్నవాడైన డాక్టరు వంగి అడిగాడు. "పెద్దాయనా, ఏమైనా మందులు వేసుకున్నారా? ఉన్నదున్నట్టు చెప్పండి. తెలియకుండా మేం వేరే మందు ఎక్కిస్తే రెండూ పడక ప్రాణం మీదకొస్తుంది."

"బీపీ బిళ్ళ. అంతే" అన్నాడు బావ.

నేను నోరు తెరవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. ఏదో ఉందని అప్పటికే పసిగట్టినట్టుంది. "ప్రెస్సోళ్ళు బయటే ఉన్నారే. పరువు పోద్ది" అంది గొణుగుతూ.

చెయ్యి విదిలించుకుని చెప్పేశాను. మందు పేరు, బిళ్ళ ఎన్ని మిల్లీగ్రాములదో, ఎన్ని రోజుల నుంచో, అన్నీ. 

"అబద్ధం!" అని బావ లేవబోయాడు. "దానికి నేనంటే మొదట్నుంచీ కడుపుమంట!"

నర్సు విప్పి పక్కన పెట్టిన చొక్కా నేను అందుకున్నాను. జేబులో కాగితం పొట్లం ఉంది. అందులో ఒక సగం బిళ్ళ. అంచు అద్దంలా తెగింది. అంత తిన్నగా కోసే మనిషి ఊళ్ళో ఒక్కడే.

అప్పుడు బావ, నమ్మండి, గర్వంగానే అన్నాడు. "సగమే వేసుకున్నాను సార్. పొద్దున సగం, మధ్యాహ్నం సగం. ఎప్పుడూ పూర్తిగా వేసుకోలేదు."

"కోశారా?" డాక్టరు తల పట్టుకున్నాడు. "కోయకుండా మింగితే అది రోజంతా నెమ్మదిగా పనిచేసేది. మీరు కోసి సగం రోజు మందు ఒక్క దెబ్బకి గుండె మీద పోశారు. అలా రోజుకి రెండుసార్లు. పైగా బీపీ మందు కూడా సగమేనా?"

బావ ఔనన్నట్టు తలూపాడు. డాక్టరు ఇక ఆయనతో మాట్లాడకుండా నర్సుకి వేరే మందులు చెప్పాడు.

సాయంత్రానికి గండం గడిచింది. నాలుగు రోజులు ఉంచుకుంటామన్నారు. కాస్త గొంతు పెగలగానే మా బావ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? చూడ్డానికి వచ్చిన ప్రెస్సువాళ్ళతో, "మా మరదలే ఇచ్చింది, ఇది వేసుకుంటే హుషారుగా ఉంటుందని. ఆడపిల్ల మాట కాదనలేక వేసుకున్నా" అన్నాడు. అంతా నమ్మారు. ఓనరు నన్ను పక్కకి పిలిచి, ఇలాంటివి ప్రెస్సులో పంచితే పోలీసులొస్తారని మందలించాడు. మా డాక్టరమ్మకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఇకపై వారానికి సరిపడా మాత్రమే ఇస్తాననీ, వారం వారం సీసా తెచ్చి చూపించాలనీ చెప్పింది. దొంగ ఆయన, హాజరు వేయించుకునేది నేను.

కడుపు మంటతో మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. అక్క రాత్రంతా ఆ స్టూలు మీదే కూర్చుంది. ఇంటికెళ్ళి స్నానం చేసి రా, అప్పటిదాకా బావని నేను చూసుకుంటానని చెప్పడానికి వెళ్ళాను. చెప్పేది అదే అయినా అడగాలనుకున్నది వేరు. బావ నిద్రపోతున్నాడు. అక్కని వరండాలోకి పిలిచి స్నానం మాట చెప్పాను, ఆ వెంటనే అడిగేశాను.

"అక్కా, నువ్వైనా చెప్పు. నేనిచ్చానా?"

"లేదు. ఆయనే తీశాడు. నాకు తెలుసు. ఇంటికొచ్చాక ఆయన్ని అడుగుతాను, అందరి ముందూ ఒప్పిస్తాను" అంది అక్క. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి ఒక్క మనిషి నా పక్కన నిలబడింది అనుకున్నాను.

"మొత్తం ఎన్ని పోయాయి?" అని అడిగింది.

"అయిదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిదానికే తెలిసింది. రోజూ లెక్క చూసుకుంటూనే ఉన్నా. సీజను చివరి రోజు అందరి ముందూ పట్టిద్దామని ఆగాను." అంతా చెప్పేశాను. నా తెలివికి మెచ్చుకుంటుందేమో అన్నట్టు చెప్పాను.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయనకి బీపీ ఉంది కదే."

"ఊఁ."

"బీపీ ఉన్నవాళ్ళు అది వేసుకుంటే గుండె మీదకొస్తుందని నువ్వే చెప్పావు కదే నాకు."

"చెప్పాను."

అక్క తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నాకు స్నానం లేకపోయినా పర్లేదులే. నువ్వెళ్ళు. ఆయన దగ్గర నేనే ఉంటాను" అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. నన్ను ఆయన దగ్గర ఒంటరిగా వదలడానికి అక్క భయపడిందని మెట్లు దిగుతుంటే నాకు అర్థమైంది.