ఎత్తోరె గారు, నా చపాతీ పీట

ఎత్తోరె గారికి ఒకే ఒక్క జబ్బు. పని చేస్తున్న మనిషి కంటబడితే చాలు, చేతికందిన చెక్క మీద ఆ మనిషిని చెక్కేయాలి. ఆ చెక్క ఎవరిదన్నది ఆయనకు పట్టదు.

కువైట్‌లోని మిర్కాబ్‌లో మా ఎదురు వాటా ఆయనది. ఇటలీ మనిషి. యుద్ధం ముగిశాక అచ్చు యంత్రాలు బిగించడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వయసులో ఉండగా సమ్మె బొమ్మలు చెక్కి, అచ్చేసి, ఫ్యాక్టరీ గోడలకు అంటించి రెండుసార్లు జైలుకు వెళ్లాడట. ఇదంతా నేను అడక్కుండానే చెప్పాడని అనను. చదివింది ఐదో తరగతే గానీ, ఆరా తీయడంలో నాది పెద్ద చదువే.

ఒకసారి బిల్డింగు యజమాని ముచ్చటపడి తన బొమ్మ చెక్కమన్నాడు. నెల తర్వాత అచ్చేసి ఇచ్చిన కాగితంలో మా వాచ్‌మన్ రహీమ్ నెత్తిన సోఫా మోస్తూ మెట్లెక్కుతున్నాడు. సోఫా మీంచి రెండు కాళ్లు వేలాడుతున్నాయి.

"ఇందులో నేనెక్కడ?" అన్నాడు యజమాని.

"ఆ చెప్పులు మీవే" అన్నాడీయన.

నన్ను చెక్కమని నేనూ అడిగాను. ఆయనకొచ్చిన హిందీ, నాకొచ్చిన హిందీ కలిస్తే ఒక మనిషి హిందీ అవుతుంది.

"పనిచేసేవాళ్లనే చెక్కుతాను, సిన్యోరా." సిన్యోరా అంటే వాళ్ల భాషలో అమ్మగారని.

"నేను చేసేది పని కాదా అండీ?"

"ఏమో. ఎప్పుడు చూసినా మా గుమ్మంలోనే ఉంటారు."

ఆ మాట నా కడుపులో ఉండిపోయింది. తొంభై ఏడులో నా చపాతీ పీట కనబడకుండా పోయినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆయనే. అప్పటికే రహీమ్ స్టూలూ, మా బట్టలు ఉతికే బల్లా ఆయన పాలయ్యాయి. ఆయన కాగితం కొనడానికి బయటికెళ్లగానే లోపలికి జొరబడ్డాను. తలుపు తీసే ఉంచుతాడు పాపం.

పీట బల్ల మీదే ఉంది. దాని మీద సుబ్బరత్నమ్మ మొహం.

మూడో అంతస్తులో మామా ఇంట్లో పనిచేసే కడప పిల్ల సుబ్బరత్నమ్మ. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. నాలుగేళ్లుగా సెలవు లేదు. ఫోటో దిగితే ఆయాలకు ఇల్లు గుర్తొచ్చి పారిపోతారని ఆ మామా నమ్మకం. వారం కిందట డాబా మీద తివాచీ దులుపుతూ, "మా చిట్టికి ఐదేండ్లు వచ్చె గదక్కా. నా మొగమే తెల్దు దానికి. ఎడమ బుగ్గన మచ్చ ఉండేదే మీయమ్మ అని మా యత్త చెప్పి పెట్టిందంట" అంది. ఎత్తోరె గారు ఆ మూల కూర్చుని పెన్సిల్ గీకుతూనే ఉన్నాడు. నేనిలా జొరబడ్డ రోజు మధ్యాహ్నం విమానానికి వాళ్ల ఊరి మద్దిలేటి వెళ్తున్నాడని నేనే ఆయనకు చెప్పాను.

పీట దొంగతనం ఎందుకో అప్పటికి అర్థమైంది. కానీ మచ్చ చూస్తే కుడి బుగ్గ మీదుంది. ముసలాయన కళ్లు మసకబారాయి, పిల్ల తల్లిని కాదనేస్తుందనుకున్నాను. ఉల్లిపాయలు కోసే కత్తి తెచ్చి, ఎడమ బుగ్గన నేనే ఒక గాటు పెట్టాను.

ఆయన వచ్చి చూశాడు. తర్వాత అద్దం తెచ్చి పీట ముందు పెట్టాడు. అద్దంలో ఎడమ కుడైంది.

"కాగితం మీద ఇలా పడుతుంది సిన్యోరా. నా మచ్చ సరైన చోటే ఉంది. మీదే రెండోది."

"చెరపండి మరి."

"చెక్కలో పోయింది తిరిగి రాదు. ఖలాస్."

మద్దిలేటి కింద నుంచి కేకేశాడు: "పిన్నీ, టైమవతాంది."

ఎత్తోరె గారు ఉలి తీసుకున్నాడు. నా గాటును గుండ్రంగా చేసి సొట్ట చేశాడు. సొట్ట పడాలంటే నవ్వాలి కదా, పెదవుల చివర రెండు గీతలు పైకి లాగాడు. రంగు పూసి, కాగితం పరిచి, నా గరిటెతోనే రుద్దాడు. ఆ గరిటె ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. తడి ఆరని సుబ్బరత్నమ్మ నవ్వుకుంటూ విమానమెక్కింది.

మద్దిలేటి రెండు నెలలకు తిరిగొచ్చాడు. సుబ్బరత్నమ్మను మెట్ల మీదికి పిలిచి అతని చేతే చెప్పించాను.

"పాప ముందు మచ్చ ఎతికింది పిన్నీ. మా యమ్మే అనింది. మళ్ల ఈ సొట్ట యేందవ్వా అని అడిగింది. ముసలామె, కువైట్ తిండికి బుగ్గలొచ్చినాయిలే అనె."

సుబ్బరత్నమ్మ పడీపడీ నవ్వింది. రెండు బుగ్గలూ పరీక్షగా చూశాను. సొట్ట లేదు.

ఆ సాయంత్రం ఎత్తోరె గారు పీట కడిగి తెచ్చిచ్చాడు. తిప్పి చూస్తే వెనక నేను. తలుపు సందులో ముక్కు, చేతిలో ఉల్లిపాయల కత్తి. ఆరా తీయడం కూడా పనేనని మొత్తానికి ఒప్పుకున్నాడు.

ఇప్పటికీ ఆ పీట మీదే చపాతీలు. ఏ పక్క చేయమంటారు అని మావారు వెంకటరాజు గారిని అడుగుతాను.

"సుబ్బరత్నమ్మ పక్కే చెయ్యవే. ఆవిడ చేతిలో కత్తి లేదు."