దీంట్ల మీ అమ్మ లేదు

మా నాన్న ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నేను నమ్మలేదు. రెండోసారి అన్నప్పుడు భయం వేసింది.

ఎల్బీ నగర్‌లో మా అన్న ఇల్లు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం పనులు మాట్లాడుకోవడానికి నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్ళాను. హాల్లో దివాన్ మీద కూర్చున్న నాన్న, నేను చెప్పులు విడుస్తుండగానే మొదలుపెట్టాడు. "మీ అమ్మ క్యాసెట్ పెట్టుమంటే ఎవ్వరు పెడ్తలేరు. నువ్వన్న పెట్టు బిడ్డా."

అమ్మ క్యాసెట్ అనేది మా ఇంట్లో లేదు. అమ్మ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఇంటిల్లిపాదికీ ఫోన్లు వచ్చిన తర్వాత కూడా, ఎవరైనా వీడియో తీస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి తప్పుకునే మనిషి ఆమె. పోయాక వెతికితే ఒక్క మాట దొరకలేదు. మాకు మిగిలింది నాన్న భజనల క్యాసెట్ ఒకటే. మేం నాదర్‌గుల్‌లో ఉన్న రోజుల్లో ఒక ఏకాదశి పొద్దున మా ఇంట్లోనే రికార్డు చేసింది. తర్వాత అన్న దాన్ని ఎంపీత్రీ చేయించి ఫోన్లో పెట్టుకున్నాడు.

అన్న విసుగు దాచుకుని అదే పెట్టాడు. నాన్న రెండు పాటలు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదు. దీంట్ల మీ అమ్మ లేదు."

"నాయినా, గిది నువ్వు పాడిందే. దీంట్ల అమ్మెందుకు ఉంటది?" అన్నాడు అన్న.

"ఉండె. పాట కింద ఉండె."

పాట కింద. అన్న నా వైపు చూశాడు. వదిన మా ఇద్దరి వైపూ చూసి, నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "నెల రోజుల సంది ఇదే మాట. మతిమరుపుకు మంచి డాక్టరున్నడంట పెద్ద దవాఖానల. గురువారం తీస్కపోదామని మీ అన్న నంబరు రాయించిండు."

మా నాన్నకు మతి తప్పడమేమిటి? నాదర్‌గుల్ చుట్టుపక్కల ఆయన పుస్తకం పట్టని మనిషని పేరు. ఎన్ని చరణాల భజన అయినా కళ్ళు మూసుకుని హార్మోనియం మీద పాడేవాడు. మిగతావాళ్ళు కళ్ళద్దాలు సర్దుకుంటూ పేజీలు తిప్పుకుంటుంటే మాకు గర్వంగా ఉండేది. అసలు జ్ఞాపకం అన్న మాటకు మా ఇంట్లో అర్థమే నాన్న. అలాంటి మనిషి లేని గొంతు కోసం వెతుకుతున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. కాకపోతే, నమ్మకుండా ఉండడానికి నా దగ్గర వేరే కారణం కూడా లేదు.

నేను ఊరుకునే రకాన్ని కాదు. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతాను. ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుందని రోజూ నమ్మబలకడమే నా ఉద్యోగం. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఒకటి తట్టింది. నాన్న చెవి మంచిది. ఎంపీత్రీ రికార్డింగు బాగాలేక, తనకు తెలిసిన పాటలాగా అనిపించక అలా అంటున్నాడేమో. పాటల పిచ్చి ఉన్న మా ఆయన ఎప్పుడూ జపించే లాస్‌లెస్ అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్లో ఒక యాప్ దింపుకుని, అన్న పంపిన ఆ ఎంపీత్రీని ఫ్లాక్ అనే లాస్‌లెస్ రకంలోకి మార్చేశాను. చిన్న ఫైలు కాస్తా ఎంతో పెద్దదైంది. అంత బరువు పెరిగాక నాణ్యత పెరగకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

మర్నాడు క్లాసు అవగానే ఎల్బీ నగర్ పరుగెత్తాను. అన్నకు ఫైలు సైజు చూపించాను.

"లాస్ లెస్ అంటే లాస్ తక్కువ అన్నట్టే గద?" అన్నాడు. మా అన్న గడ్డిఅన్నారం మార్కెట్లో పండ్ల వ్యాపారం చేసినవాడు, ఇప్పుడు ఆ మార్కెట్టు ఊరి బయటికి మారితే రోజూ అక్కడికి వెళ్ళివస్తున్నాడు. లాస్ అన్న మాట వింటే ఆయనకు కుళ్ళిపోయిన బత్తాయిలే కనబడతాయి.

"తక్కువ కాదన్నా, అసలుకే లేదు అని" అన్నాను, క్లాసులో చెప్పినట్టే.

నాన్న చెవి దగ్గర పెట్టి వినిపించాను. మొదటి పాట, రెండో పాట. నాన్న నా చేతిమీద చెయ్యి వేశాడు.

"దీంట్ల గూడ లేదు బిడ్డా."

ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోవడమే సరైనదని నాకూ అనిపించింది.

మా ఆయనది గుంటూరు వైపు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, ఇంటికొస్తే పాటలు. చెవులకు రెండు గిన్నెలంత హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటలు గంటలు కూర్చుంటాడు. వాటికి పెట్టిన డబ్బుతో వాషింగ్ మెషీన్ వచ్చేదని నేను పెళ్ళయినప్పటి నుంచీ దెప్పుతూనే ఉన్నాను. ఆ రోజు నేను జరిగిందంతా చెబుతుంటే మొదట జాలిగా విన్నాడు. యాప్ సంగతి చెప్పగానే నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"నా బాధ నాకుంటే మీకు నవ్వొస్తుందా?"

"అది కాదే. ఎంపీత్రీని ఫ్లాక్ చేసి ఏం లాభం? పోయింది పోయిందే కదా."

"ఏం పోయింది? సైజు పెరిగింది, నేను చూసిన."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. అది మా ఇంట్లో అరుదైన మర్యాద.

"నీ పట్టుచీర ఉంది. బీరువాలో చోటు లేదు. ఏం చేస్తావు? మడతలు పెట్టి, నొక్కి పెడతావు. విప్పితే మళ్ళీ చీర మొత్తం అలాగే ఉంటుంది, ఒక్క పోగు పోదు. లాస్‌లెస్ అంటే అదీ. ఇంకొకడు ఏం చేశాడంటే, కట్టుకున్నాక మొదటి చుట్టు లోపలికే పోతుంది, కుచ్చిళ్ళ లోపలి మడతలు ఎవరూ చూడరు, ఇవన్నీ దాచడం దండగ అని కత్తిరించి పారేశాడు. పైకి చూస్తే చీర కట్టినట్టే ఉంటుంది. చోటు మాత్రం బోలెడు మిగులుతుంది. ఎంపీత్రీ అలాంటిది. దాన్నే లాసీ అంటారు."

"మరి నేను చేసింది?"

"కత్తిరించిన చీరని తీసుకెళ్ళి పెద్ద పెట్టెలో జాగ్రత్తగా పెట్టావు."

ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి నా పెద్ద ఫైలుని, అన్న చిన్న ఫైలుని పక్కపక్కన తెరిచాడు. చప్పుడుని రంగుల బొమ్మగా చూపించే ప్రోగ్రాం ఒకటి ఉందట. కిందివైపు లావు చప్పుళ్ళు, పైకి పోయేకొద్దీ సన్నటివి. రెండు బొమ్మల్లోనూ ఒక ఎత్తు దాటాక అంతా నలుపే, కత్తెర పెట్టి కోసినట్టు. నా ఫైలులో ఆ కోత అదే ఎత్తులో ఉంది. పెరిగిన సైజు అంతా ఎక్కడ ఉందో నాకు కనిపించలేదు.

"అన్ని ఎంపీత్రీలూ ఇంత ఘోరంగా ఉండవులే. కాస్త పెద్ద సైజులో చేస్తే నేను కూడా తేడా చెప్పలేను. ఇది మరీ చిన్నగా చేయించారు" అన్నాడాయన.

అన్నకు ఫోన్ చేసి అడిగితే నిజమేనన్నాడు. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెమరీ కార్డులో పాటలు నింపి ఇచ్చే చిన్న చిన్న దుకాణాలు ఉండేవి. అక్కడ ఇచ్చి చేయించాడట. "కార్డుల సినిమా పాటలు గూడ పట్టాలె గదా. ఎంత చిన్నగైతే గంత చిన్నగ చెయ్యమని నేనే చెప్పిన" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మా ఆయన్ని ఇంకొకటి అడిగాను. ఏది కత్తిరించాలో దానికి ఎట్లా తెలుస్తుంది?

"మనిషి చెవి ఎలా వింటుందో లెక్క కట్టి పెట్టారు. ఒకేసారి రెండు చప్పుళ్ళొస్తే పెద్దదాని కింద చిన్నది మనకి వినపడదు. వినపడనిదాన్ని ఎందుకు మోయడం అని దాన్ని తీసేస్తుంది."

"ఏమన్నరు?"

"పెద్ద చప్పుడు కింద..."

కింద. నాన్న అన్న మాట అదే, పాట కింద ఉండె అని. ఆయన మతి తప్పి అన్నాడని మేం ముగ్గురం కలిసి తేల్చేసిన మాట. దాన్ని మా ఆయన మామూలుగా, పాఠం చెబుతున్నట్టు అంటున్నాడు.

అసలు క్యాసెట్ ఏమైందో ఎవరికీ తెలియదు. సజ్జ మీద ఉండాలని అన్న, మొన్న దసరాకు పాత సామానువాడికి కొన్ని వేశానని వదిన. ఆ రాత్రి ఎట్లా గడిచిందో చెప్పలేను. మర్నాడు అన్న స్టూలు ఎక్కి, హార్మోనియం పెట్టె మూత తీస్తే అందులోనే పడి ఉంది. నేను దాన్ని చీర కొంగులో చుట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ తెచ్చాను. వెనకే అన్న కూడా వచ్చాడు.

మా ఆయన దగ్గర పాత టేప్ డెక్ ఉంది. నేను పారేయమని పోరిన వస్తువుల్లో అదొకటి. దూదికి స్పిరిట్ అద్ది దాని లోపల తుడిచాడు. వైరు ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఏదీ తీసేయకుండా, ఏదీ శుభ్రం చేయకుండా, టేపులో ఉన్నది ఉన్నట్టు లాస్‌లెస్‌లో ఎక్కించాడు. ముగ్గురం కూర్చుని విన్నాం.

ముందు టేపు గరగర. తర్వాత హార్మోనియం. మా నాదర్‌గుల్ ఇంటి మీదుగా, పక్కనున్న ఎయిర్‌ఫీల్డు ట్రైనింగ్ విమానం ఒకటి పోయిన చప్పుడు. ఎవరో దగ్గారు. నాన్న పల్లవి ఎత్తుకున్నాడు. ఎంత గొంతు. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. పల్లవి అయి చరణం రాబోయే ముందు, తాళాల మోత మధ్యలో ఏదో అలికిడి.

మా ఆయన వెనక్కి తిప్పాడు. మళ్ళీ పెట్టాడు.

ఆడమనిషి గొంతు. రాగం లేదు, పాట లేదు. చరణంలోని మొదటి మాట ఒక్కటి, పక్కనున్న మనిషికి చెంబు అందించినంత మామూలుగా. వెంటనే నాన్న ఆ మాట అందుకుని చరణం పాడాడు.

"ఎవరది?" అన్నాడు అన్న. అతనికి తెలుసు. నాకూ తెలుసు.

ప్రతి చరణానికీ ఉంది. నాన్న కాస్త ఆలస్యం చేసిన చోట రెండు మాటలు అందించింది. ఒక పాటలో ఆయన వేరే చరణంలోకి పోబోతే "ఊహూఁ, అది కాదు" అంది. ఆయన సర్దుకున్నాడు. వినేవాళ్ళు ఆ సర్దుబాటును గమకం అనుకుని ఉంటారు. రెండో వైపంతా విన్నాం. నాన్న సొంతంగా మొదలుపెట్టిన చరణం ఒక్కటి కూడా లేదు.

మా ఆయన, అన్న ఫోన్లోని ఎంపీత్రీలో అవే చోట్లు వెతికి వినిపించాడు. తాళాలు నీళ్ళలో మోగినట్టున్నాయి. వాటి కింద ఏమీ లేదు.

అన్న తల పట్టుకున్నాడు. "పుస్తకం పట్టని మనిషని ఊరంత చెప్పుకుండ్రు గదనే చెల్లె" అన్నాడు. అమ్మకు చదువు రాదు. అమ్మకు పాటలు వచ్చని కూడా మాకు తెలియదు. ఆమె ఎప్పుడూ పాడగా మేం వినలేదు. నా నలభై ఎనిమిదేళ్ళ వయసులో, మా అమ్మ గురించి మొదటిసారి తెలుసుకుంటున్నట్టు అనిపించి సిగ్గేసింది.

గురువారం దవాఖానకు పోలేదు. ఆ పొద్దున్నే మా ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని నాతో ఎల్బీ నగర్ వచ్చాడు. తన హెడ్‌ఫోన్లు నాన్న తలకు పెట్టి, జారకుండా బిగించాడు. నాన్న బిత్తరపోయి చూశాడు. పాట మొదలైంది. పల్లవి దాకా కదలకుండా విన్నాడు. చరణం ముందు ఆయన పెదవి కదిలింది.

"ఆఁ. గిది" అన్నాడు, చెవులు మూసి ఉండడం వల్ల గట్టిగా. "గిదే నేను చెప్పింది."

క్యాసెట్ ఒక వైపు మొత్తం విన్నాడు. అయిన తర్వాత హెడ్‌ఫోన్లు నేనే తీశాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నాయినా, అమ్మ నీకు మాట అందిస్తదని మాకెన్నడు ఎందుకు చెప్పలే?"

నాన్నకు నా ప్రశ్న అర్థం కాలేదు.

"చెప్పేదేముంది బిడ్డా? దాసిపెట్టిందా ఏమన్ననా? అందరి నడుమనే చెప్తుండె. నువ్వు ఆమె పక్కకే కూసొని తాళాలు కొడ్తుంటివి గద. నీకు ఇనపడలేదా?"

తప్పు పట్టడం కాదది. నిజంగానే అడుగుతున్నాడు.

"లేదు నాయినా" అన్నాను.

ఆయన నమ్మలేదు. అన్న వైపు తిరిగి, "ఇనపడలేదంటదేందిరా ఇది?" అన్నాడు.