గోడకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు, తెల్లదొరల కాలంలో, అరవనాట వరసగా వానలు తప్పి నాగలాపురం దగ్గరి మా రేగడి చేలు నోళ్లు తెరిచాయి. విత్తనానికి పత్తిగింజ కూడా మిగలకపోయేసరికి మా నాయన మమ్మల్ని బండెక్కించి కోవిల్‌పట్టికి తీసుకొచ్చాడు. పత్తి మిల్లులో మూటలు మోసే పని దొరికింది. మిల్లు వెనక కూలీల కోసం లేపిన మట్టి గదుల వరసలో చివరిది మాకిచ్చారు. పునాది అన్నమాటే లేదు, ఉత్త రేగడి మీద గోడలు నిలబెట్టేశారు. దాన్ని ఇల్లనడానికి మా అవ్వకు నోరు రాక కొట్టం అనేది.

ఆ గదిలోనే అమ్మ తమ్ముణ్ణి కన్నది. వెనక గోడకు నా చెయ్యి దూరేంత బీట ఉండేది. వేరే చోటు లేక పిల్లవాడి ఉయ్యాల దాని పక్కనే కట్టారు. మిల్లు మేస్త్రీని అడిగితే, వాన పడనీయండి, నేల ఉబ్బి అదే మూసుకుంటుందన్నాడు.

అవ్వ అతనితో వాదించలేదు. పేడా మన్నూ కలిపి ఆ బీటకు అడ్డంగా కింద ఒకటి, పైన ఒకటి పట్టీలు మెత్తింది.

"పాపా, గోడకు బొట్టు పెట్టినాను. అది చీలిందేమో దినామూ చూసేది నీ పని" అంది.

మొదట ఆటే అనుకున్నాను. కానీ పొద్దున్నే లేచి బొట్లు చూసి చెబితే గాని ఆమె నాకు గంజి పోసేది కాదు. నేను చెప్పేదాకా ఆమె ముఖంలో ఉండే గుబులు మెల్లగా నాకూ అంటుకుంది.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు దిగాయి. కింద బీట నిజంగానే మూసుకుంది. వరసలో అందరూ సంబరపడ్డారు, నాయన కూడా హమ్మయ్య అనుకున్నాడు. ఆ పొద్దున పైబొట్టు మాత్రం నడిమికి చీలి ఉంది. పరుగున పోయి అవ్వకు చెప్పాను.

ఆమె వచ్చి చూసి, ఉయ్యాలలోంచి పిల్లవాణ్ణి ఎత్తుకుంది.

"కింద మూసుకునింది, పైన తెరుసుకునింది. గోడ ఒరుగుతాంది. లేవండి, పోదాము."

నాయన తటపటాయించాడు. రేగడి గుణం ఆయనకు తెలియంది కాదు. కానీ బాలింతను వానలో ఎక్కడికి తీసుకుపోవాలి? గది వదిలితే చాలు, దానికోసం కాచుకున్నవాళ్లు ఎందరో. ఆయనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రైలుకట్ట పక్కన తాటాకు గుడిసెలో ఒక కుటుంబం ఉండేది. సర్కారు అడవిలోంచి వెళ్లగొట్టాక ఊరూరు తిరుగుతూ పందులు మేపుకునేవాళ్లు. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే అయినా మా వరసలో ఎవరూ వాళ్ల ఛాయలకు పోయేవారు కాదు. అవ్వ పిల్లవాణ్ణి కొంగులో కప్పుకుని నేరుగా అటు నడిచింది.

"ఆళ్ల కాడికా?" అన్నాడు నాయన.

"ఆ గుడిస కూలితే తాటాకు పడతాది. ఇది కూలితే మన్ను పడతాది. బిడ్డ ఏది తాళుతాడో నువ్వే చెప్పప్పా."

ఆ గుడిసె అక్క మమ్మల్ని ఏమీ అడగలేదు. పొయ్యి పక్కనున్న కాస్త పొడినేలా అమ్మకిచ్చింది. అందరికీ చోటు చాలక, తన పిల్లలిద్దరినీ వాకిట్లో గోనె కప్పి కూచోబెట్టింది.

మధ్యాహ్నానికి మా గోడ లోపలికి పడింది. ఉయ్యాల కట్టిన దూలం కూడా మట్టిలో పూడిపోయింది. నాయన ఆ కుప్ప ముందు కూలబడి ఏడ్చాడు.

వాన తెరిపిచ్చాక మిల్లు కూలీలం కాబట్టి మాకు ఇంకో గది ఇచ్చారు. సామాను సర్దుకోగానే ఆ అక్కను, పిల్లలను పిలుచుకొస్తానని అవ్వ బయలుదేరింది. అక్కడ గుడిసె లేదు. అలాంటివాళ్లు ఊరి పక్కన ఉండగూడదని పోలీసులు పీకించేశారట. విరుదునగరం వైపు పోయారని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఏ సంతకు పోయినా అవ్వ వాళ్ల కోసం వెతికేది.

"సామాను సర్దినాక పిలుద్దామనుకుంటిని పాపా. ముందు పిలిచి ఉండాల" అనేది.

ఆ పిల్లలు బతికి ఉంటే ఈపాటికి నాలాగే ముసలివాళ్లై ఉంటారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వాన మొదలైతే చాలు, నిద్ర పట్టదు. నేను పొడిచోట పడుకుని ఉంటాను, వాళ్లిద్దరూ ఇంకా వాకిట్లోనే ఉంటారు.