గద్వాల నుంచి లింగాల దాకా ఒక తువ్వాల

కొందరికి తపాలా బిళ్లల పిచ్చి, కొందరికి పాత నాణేల పిచ్చి. నాకు బాక్సర్ల పిచ్చి. హైదరాబాదులో ఒక ఆడపిల్లల బడిలో వ్యాయామ టీచరుగా పనిచేసే రోజుల్లో, పేపర్లో ఎక్కడ వింత బాక్సరు కనబడినా కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. వందల పోటీలాడి ఒక్కటీ గెలవనివాడు, మనవలు పుట్టాక కూడా రింగు దిగనివాడు, ఇలాంటివాళ్లంతా అందులో ఉండేవారు. మా ఇంట్లోవాళ్లు దాన్ని గుద్దుల డబ్బా అని వెక్కిరించేవారు. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, మా వీధికి చీరల మూట తెచ్చే గద్వాల హనుమంతు ఆ డబ్బా చూసి నవ్వాడు.

"మా ఊర్ల తిమ్మప్ప ఉన్నడు టీచరమ్మా. ఇరవై ఏండ్లకు పైన సంతలల్ల బాక్సింగ్ ఆడిండు. ఆడినయన్నీ ఒక్క మనిషితోనే."

"ఒక్క మనిషితోనా? మరి ఎవరు గెలిచినట్టు?"

"గదే ఇంకా తేలలే," అన్నాడు మూట కట్టుకుంటూ.

నా డబ్బాలో అలాంటి బాక్సరు లేడు. బడికి సెలవులిచ్చిన వారంలోనే కాచిగూడలో రైలెక్కాను. అప్పటికి అది మీటర్ గేజ్ బండి. పొద్దున బయల్దేరితే ఊరూరా ఆగి, అలుపు తీర్చుకుని, మధ్యాహ్నం దాటాక గద్వాలలో దించేది. ఇప్పుడు పెద్ద లైను పడింది కాబట్టి మీకంత తిప్పలు ఉండదు. బస్టాండు దగ్గర లాడ్జిలో పాతిక రూపాయలకు గది దొరికింది. సంచీ అక్కడ పడేసి, కోట వెనక నేతగాళ్ల వీధికి నడిచాను. వీధి పొడవునా మగ్గాల చప్పుడు. తిమ్మప్ప ఇల్లు ఏదని అడిగితే ఒకామె చేత్తో చూపించి, "గుద్దులు తినేటాయనా?" అంది. "తిన్న" అనలేదు, "తినేటి" అంది. అప్పుడు నాకది పట్టలేదు.

తిమ్మప్ప గుంత మగ్గంలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మెడ ఇంకా దుంగలా ఉంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ నేతలోనే పోగుకు పోగు కలపాలి. ఆ పని చేస్తూ ఆయన తల పక్కకు వాల్చి, ఎడమకన్ను చికిలించి చూస్తున్నాడు. ఎడమ కనుబొమ మీద పాత గాయాల గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. భార్య సవారమ్మ పక్కనే నూలు కండెలు చుడుతోంది.

కుర్రతనంలో ఆయనకు మగ్గం గిట్టలేదట. మిలిటరీ నుంచి వచ్చిన ఒకాయన సంతల్లో బాక్సింగ్ డేరా వేస్తుంటే అందులో చేరాడు. లింగాల నుంచి కుర్మయ్య అనే రైతుబిడ్డా చేరాడు. వేరే ఆటగాళ్లు రాలేదు, వచ్చినా నిలవలేదు. అందుకని గట్టు, పెబ్బేరు, అటు రాయచూరు దాకా ఏ సంతలోనైనా వీళ్లిద్దరే కొట్టుకునేవారు.

"గంట లేదు, రెఫ్రీ లేడు," అన్నాడు తిమ్మప్ప. "ఓడినోడు తన తువ్వాల తీసి గెలిచినోని భుజాన ఎయ్యాలె. గప్పుడే ఆట అయిపోయినట్టు. ఒక సంతల నేను ఓడుత, ఇంకో సంతల ఆడు. వంతు. జనానికి తెల్వదు."

"అంటే ఇద్దరూ సమానమే?"

"ఆఖరి ఆట దాంక."

ఆఖరి ఆట పెబ్బేరులో. అంతకుముందు గట్టు సంత వానకు కొట్టుకుపోయింది. గట్టులో ఓడాల్సిన వంతు కుర్మయ్యది. సంతతోపాటు తన వంతూ పోయిందన్నాడు కుర్మయ్య. ఆడితేనే వంతు తీరినట్టు, ఆడందే ఎట్ల తీరుతదన్నాడు తిమ్మప్ప. ఇద్దరూ ఎదుటివాడు తువ్వాల వేస్తాడని చూస్తూ కొట్టారు, ఎవరూ వేయలేదు. అన్నేళ్లలో మొదటిసారి నిజంగా కొట్టుకున్నారు. మధ్యలో గాలివాన లేచింది. ఎద్దులు తాళ్లు తెంపుకున్నాయి, డేరా కూలింది. ఎవరి దారిన వాళ్లు మాట్లాడుకోకుండా ఇళ్లకు పోయారు. ఆ ఏడే కుర్మయ్యకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు.

"మరి ఈ గాయాలు?" అన్నాను.

"కుర్మయ్య కొట్టినయే. తెల్లారుజామున వస్తడు," అన్నాడు, పాలవాడి సంగతి చెప్పినట్టు.

సవారమ్మ నన్ను వాకిట్లోకి పిలిచింది. "నిద్రల లేసి మగ్గం గుంజకు తల కొట్టుకుంటడమ్మా, నేనైతే గట్లనే అనుకుంట. కర్నూలు దవాఖానల డాక్టరు చెప్పిండు, ఇంకొక్క గట్టి దెబ్బ పడితే కన్ను దక్కదని. కన్ను పోతే మగ్గం పోతది. ఆ తువ్వాలేదో పోయి ఏసి రమ్మంటే వంతు నాది కాదంటడు. జర నువ్వన్న తోలుకపో టీచరమ్మా." నేను కథ కోసం వచ్చాను, ఆమె భర్త కన్ను కోసం బతిమాలుతోంది. కాదనలేకపోయాను. సవారమ్మ లోపలికి వెళ్లి, ఆయన పోకపోతే రేపటి నుంచి కండె చుట్టనని తెగేసి చెప్పింది. ఊరికి పహిల్వానైనా ఇంట్లో ఆయన మాట చెల్లేది కాదు. సరేనన్నాడు.

మర్నాడు ఆరున్నరకే వెళ్లాను. తిమ్మప్ప గడప మీద కూర్చుని ఉన్నాడు. నిన్న లేని గాయం ఎడమ కనుబొమ మీద తాజాగా చిట్లి ఉంది. సవారమ్మ తడిగుడ్డతో తుడుస్తూ ఆగిపోయింది. గుడ్డకు నెత్తురుతోపాటు పచ్చగా ఏదో అంటింది.

"పసుపు నువ్వు పెట్టుకున్నవా?" అంది ఆయనతో. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను గూడ పెట్టలే. డాక్టరు వద్దన్నకాడి నుంచి పెడ్తలేను," అంది నాతో. ఆమె తెల్లటి కొత్త తువ్వాల ఒకటి మడిచి ఆయన భుజాన వేసింది.

బస్టాండు ముందర బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని ఏడు గంటల బస్సెక్కాం. గద్వాల నుంచి పెబ్బేరు గంటన్నర దారి, టికెట్టు అప్పట్లో అయిదారు రూపాయలు. ఎర్రవల్లి చౌరస్తాలో పెద్దరోడ్డు తగులుతుంది. బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనబడగానే బస్సులో అందరూ చేతులు జోడించారు. తిమ్మప్ప నిద్రలో ఉన్నాడు. ఆయన చేతులు కూడా లేచాయి, కానీ జోడించడానికి కాదు. రెండు పిడికిళ్లూ ముఖానికి అడ్డంగా పెట్టుకుని, తల ఇటూ అటూ తప్పిస్తున్నాడు. నేను పిల్లలకు ఆటలు నేర్పేదాన్ని, ఊరికే ఊపే చేతికీ దెబ్బ కాచుకునే చేతికీ తేడా నాకు తెలుసు. ఎదురుగా ఎవరో ఉన్నారు.

పెబ్బేరులో ఆ రోజు సంత. ఎడ్ల మధ్య నుంచి బస్సు కదలడానికే చాలాసేపు పట్టింది. సంత చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే దిగాలి, పది దాటితే దుమ్ము తప్ప ఏమీ కనబడదు. వనపర్తి బస్సు కోసం నిలబడి ఉంటే తిమ్మప్ప మైదానంలో ఒక మూలకు నడిచాడు. అక్కడ ఎద్దులు గుంపుగా ఉన్నాయి, కానీ ఒక మంచమంత మేర నేల ఖాళీగా ఉంది. ఏ ఎద్దూ అందులో కాలు పెట్టడం లేదు.

"డేరా గుంజ యాడ పాతినమో గాడనే," అన్నాడు.

వనపర్తి బస్సు డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టాడు. "ఏం తిమ్మప్పా, మల్ల ఆటకా?"

"కాదు. ఓడనీకి పోతున్న."

"వంతు నీదేనా?"

"కాదు," అన్నాడు తిమ్మప్ప. ఆ డ్రైవరుకు కూడా వంతుల సంగతి తెలుసు, అంత మోసమూ జనానికి తెలియదనుకున్నది వీళ్లిద్దరే. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నేను నవ్వింది అప్పుడే.

వనపర్తిలో పదకొండయింది. రాజావారి ప్యాలెస్ చూడదగ్గదే గానీ మాకు తీరిక లేదు. బస్టాండు ఎదురు హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. రొట్టెలు కాల్చే ఆమె తిమ్మప్ప నుదురు చూసి, "ఎవరు కొట్టిండ్రు పెద్దాయనా?" అంది. "దోస్తు," అన్నాడాయన. ఆమె ఇంకో రొట్టె ఊరికే వేసింది. అక్కడి నుంచి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్, అక్కడ లింగాల బస్సు కోసం గంటన్నర పడిగాపులు. మూడున్నరకు వచ్చిన బస్సులో కోళ్లగంపల మధ్య నిలబడి, తెల్కపల్లి దాటాక సీటు సంపాదించి, లింగాలలో దిగేసరికి పొద్దు వాలుతోంది. తిరిగి వెళ్లే బస్సు ఇక తెల్లారాకేనని కండక్టరు చెప్పాడు.

కుర్మయ్య ఇల్లు ఊరి చివర చేలగట్టున ఉంది. ఆయన భార్య మాసమ్మ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "పొద్దుగాల నుంచి మస్తు పరేషాన్ చేస్తుండు. ఎవరో వస్తున్నరని అనుకున్న," అంది. మంచం మీద కుర్మయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాట పడిపోయింది, కుడికాలు కదలదు. కుడిచెయ్యి మాత్రం రొమ్ము మీద పిడికిలి బిగుసుకుని ఉంది. జబ్బు చేసిన నాటి నుంచి ఆ పిడికిలి విప్పలేదట.

మాసమ్మ చిన్న గిన్నె తెచ్చి, ఆ పిడికిలి కణుపులకు ఏదో రాయసాగింది. కణుపులు చెక్కుకుపోయి, నెత్తురు ఎండి ఉన్నాయి.

"ఏమైందమ్మా?" అన్నాను.

"నిద్రల గోడకు గుద్దుకుంటడేమో, ఏమో. రోజు పొద్దున గిట్లనే ఉంటది. రోజు మాపటికి పసుపు పెడ్త."

నేను తిమ్మప్ప కనుబొమ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. నాకు మాత్రం ఆ గుడిసెలోంచి లేచి పరుగెత్తాలనిపించింది. భయమేసింది, అంతే, ఇంకే పేరు పెట్టను. గోడ చేత్తో తడిమి చూశాను. నున్నగా అలికిన మట్టిగోడ, ఒక్క గీత కూడా లేదు.

తిమ్మప్ప మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "కుర్మయ్యా. వంతు నీదే. గానీ నేను ఓడిన," అని తువ్వాల తీసి ఆయన భుజాన వేశాడు. కుర్మయ్య కళ్లు తువ్వాల మీదికి, అక్కడి నుంచి తిమ్మప్ప ముఖం మీదికి వచ్చాయి. పిడికిలి మెల్లగా, ఒక్కో వేలూ విడిపోయి, అరచెయ్యి మంచం మీద వాలింది. మాసమ్మ గిన్నె జారవిడిచి ఏడ్చింది. తిమ్మప్ప ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆ రాత్రి వాకిట్లో మంచాలు వేశారు. తెల్లవారి నేను లేచేసరికి తిమ్మప్ప చిన్న అద్దం పట్టుకుని ముఖం చూసుకుంటున్నాడు. కొత్త గాయం లేదు. కనుబొమ మీద వేళ్లతో వెతుకుతున్నాడు. సంతోషపడతాడనుకున్నాను.

"రాలేదమ్మా," అన్నాడు. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. "కుర్మయ్య రాలే. నేను లేసి కూసున్న, ఎదురుజూసిన. రాలే."

తిరుగు దారంతా ఆయన కనుబొమ తడుముకుంటూనే ఉన్నాడు. గద్వాలలో సవారమ్మ ఆయన ముఖం చూసి నా చేతులు కళ్లకద్దుకుంది. మనిషిని ఇంటికి చేర్చానన్న తృప్తితో రైలెక్కాను గానీ, గుంత మగ్గంలో దిగకుండా అంచున కూర్చుండిపోయిన ఆ మనిషి దారి పొడవునా కళ్లలో మెదిలాడు.

వానాకాలం వెళ్లాక హనుమంతు మళ్లీ మూటతో వచ్చాడు. నేను తిరిగి వచ్చేశాక తిమ్మప్ప మగ్గం ముట్టలేదట, అన్నం సరిగా తినలేదట. కొన్నాళ్లకు పెబ్బేరు సంతకు వచ్చిన లింగాల ఎడ్ల బేరగాళ్లు ఒక పొట్లం తెచ్చి ఇచ్చారు. విప్పితే ఆ తువ్వాలే. కుర్మయ్య మూడు రోజులు ఎడమచేత్తో దాన్ని భుజం మీది నుంచి తోసేస్తూనే ఉన్నాడని, వంతు తనదేనని ఆయనకూ తెలుసేమోనని మాసమ్మ చెప్పి పంపింది. మర్నాడు పొద్దున తిమ్మప్ప కనుబొమ చిట్లి, పసుపంటి ఉంది. అదే గట్టి దెబ్బ. ఆ కన్ను పోయింది.

"సవారమ్మ ఏమంది?" అని అడిగాను. హనుమంతు మూట విప్పుతూ చెప్పాడు. "ఇప్పుడు అంచు పోగులు ఆమెనే కలుపుతుంది. పక్కన కూసొని ఆయన కండెలు చుడుతుండు, పాటలు పాడుతుండు. ఆమె ఏమన్నదో తెలుసా? కన్ను పోతే పోయింది, మనిషి వాపసు వచ్చిండు అన్నది."

నా బిస్కెట్ల డబ్బాలో తిమ్మప్పకు చోటివ్వలేదు, ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్లందరి లెక్కా ఎక్కడో ఒకచోట ఆగింది. ఎవరిని ఎన్నిసార్లు కొట్టాడన్నదే రికార్డని అప్పటిదాకా అనుకునేదాన్ని. కొట్టడానికి రోజూ అంత దూరం వచ్చే మనిషి ఒకడు ఉండటం ఎంత పెద్ద సంగతో, ఆ అద్దంలో ముఖం వెతుక్కున్న ముసలాయన్ని చూశాకే అర్థమైంది. భర్త కన్ను దక్కుతుందని సవారమ్మ నన్ను నమ్మింది, దక్కలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. కానీ కుర్మయ్య రాని ఆ రోజుల్లో, కన్ను ఉండి కూడా ఆయన దేన్నీ చూడలేదని నాకు తెలుసు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నాగర్‌కర్నూల్ నుంచి లింగాల బస్సులు సాయంత్రానికి పలచబడతాయి, మధ్యాహ్నమే ఎక్కండి, ఎండకు మీ తువ్వాల మీరే తీసుకెళ్లండి. దారిలో ఏ పెద్దాయనైనా ప్రేమగా తన తువ్వాల మీ భుజాన వేయబోతే, వద్దని దండం పెట్టి పక్కకు జరగండి.