ఓడిన రోజు నెట్ మా ఇంటికి వచ్చేది

మా చిన్నప్పుడు... మ్యాచ్ ఓడిపోతే వాలీబాల్ నెట్ మా ఇంటికి వచ్చేది.

గెలిచిన రోజు ఎవరో ఒకరు విప్పి చర్చి వెనక గదిలో పెట్టేవారు. ఓడిన రోజు మాత్రం లిఫ్టరే విప్పాలి. చుట్టి ఇంటికి తీసుకెళ్ళాలి. తెగిన చోట ముడులు వేసి, మర్నాడు సాయంత్రం తనే తెచ్చి కట్టాలి. పీఈటీ మాస్టారు రత్నం గారు పెట్టిన పద్ధతి అది. ఎందుకని ఎవరూ అడగలేదు...

లిఫ్టర్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వచ్చిన బంతిని వేళ్ళ మీద తీసుకుని, కొట్టేవాడికి అందేలా పైకి లేపేవాడు. పాయింటు వస్తే కొట్టినవాడికి చప్పట్లు. పోతే లిఫ్టర్‌కి తిట్లు.

ఆ ఏడు జట్టులో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒకరికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, ఒకరికి పెళ్ళయింది, ఒకరికి మోకాలు చెడింది. మిగిలినవాళ్ళంతా కుర్రాళ్ళే. మాస్టారు మా తమ్ముడు శామ్యూల్‌ని లిఫ్టర్‌గా పెట్టారు. వాడికి అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు.

ఇక నెట్ మా వసారాలోనే ఉండిపోయింది...

సైకిల్ హ్యాండిల్ మీద నెట్ చుట్ట కనిపిస్తే అమ్మ ఏమీ అడిగేది కాదు, అన్నం వడ్డించేది. నేను పెద్దదాన్ని కాబట్టి ముడులు వేయడంలో సాయం నాది. మాది సముద్రం దగ్గరి ఊరు. వలలు అల్లే నైలాన్ దారానికి కొదవ లేదు.

గ్రౌండ్ చుట్టూ నిలబడ్డవాళ్ళు మాత్రం ఊరుకునేవారు కాదు. బంతిని బిందె ఎత్తినట్టు ఎత్తుతున్నాడని, పోయి నీళ్ళు మోసుకోమని అనేవారు.

ఒకరోజు వాడు నెట్ వసారాలో విసిరేసి, ఇక ఆడనన్నాడు. మర్నాడు సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్ళలేదు. మాస్టారే మా ఇంటికి వచ్చారు. అమ్మ ఇచ్చిన టీ తాగారు. ఆట ఊసెత్తలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "శామ్యూలూ, నెట్ నీ దగ్గరే ఉంది. అందరూ గ్రౌండ్‌లో నిలబడి ఉన్నారు" అన్నారు. అంతే.

వాడు లేచి నెట్ భుజాన వేసుకుని వెళ్ళాడు.

గెలవడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. ఈమధ్య నెట్ రావడం లేదేమిటని ఒకరోజు అమ్మే అడిగింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే...

నేనూ శామ్యూలూ కెనడాలోని రెజైనాలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఇక్కడి ఫుట్‌బాల్ చూడటం నాకు నేర్పింది వాడే. కాలితో తన్నే ఆట కాదు, బంతి చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తేది. స్టేడియంలో ఏడాదికోసారి డబ్బు కట్టి ఉంచుకున్న పక్కపక్క సీట్లు మావి. వాడి షిఫ్టులు, నా షిఫ్టులు... అక్కాతమ్ముళ్ళం కుదురుగా కూర్చునేది ఆ పూటే.

మా జట్టు ఇప్పుడు రీబిల్డింగ్‌లో ఉంది. పాతవాళ్ళను వదిలేశారు. క్వార్టర్‌బ్యాక్ కొత్త కుర్రాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే మన లిఫ్టర్ లాంటివాడే... బంతి ఎవరికి అందాలన్నా అతని చేతి మీదుగానే వెళ్ళాలి.

నాకు తోచింది చెబుతాను. ఆ కుర్రాడి చెయ్యి మంచిది. బంతి దూరం పోతుంది, అనుకున్న చోటికి పోతుంది. లోపం చూపులో ఉంది. మొదట చూసినవాణ్ణే చూస్తూ ఉంటాడు, పక్కన ఖాళీగా పరిగెత్తేవాడు కనిపించడు. ఆడగా ఆడగా పోయే లోపం అది. అతని మీదికి వచ్చేవాళ్ళను ఆపాల్సిన ముందువరస, అదే లైన్, కూడా నిలబడటం లేదు. మొదటి పాస్ చెడితే లిఫ్టర్ మాత్రం ఏం చేస్తాడు... నేను తప్పుపట్టేది మేనేజ్‌మెంట్‌ని. పెద్దవాళ్ళందర్నీ ఒకేసారి పంపేశారు. పక్కన నిలబడి చెప్పడానికి ఒక్కరినైనా ఉంచాల్సింది.

తమ్ముడు ఒప్పుకోడు. అనుభవం ఉన్నవాణ్ణి తెస్తేనే సరి, లేకపోతే వచ్చే ఏడు సీటు రెన్యూ చేయనని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. నేను వాదించలేదు. ప్రార్థనలో పెట్టుకున్నాను. జట్టు గెలవాలని కాదు... నా పక్క సీటు ఖాళీ కాకూడదని.

ఈ సీజన్‌లో ఇక్కడ ఆడిన ఆఖరి మ్యాచ్ రోజు గాలి కోసేస్తోంది. కుర్రాడు విసిరిన బంతి నేరుగా అవతలి జట్టువాడి చేతుల్లో పడింది. స్టేడియమంతా గోల. తమ్ముడు లేచి నిలబడి, "గో హోమ్, కిడ్" అని అరిచాడు. కుర్రాడు వచ్చి హెల్మెట్ తీసి బెంచీ చివర కూర్చున్నాడు. అతని పక్కకు ఎవరూ వెళ్ళలేదు.

నేను ఫ్లాస్కులోంచి టీ పోసి తమ్ముడి చేతికిచ్చాను.

"ఇంటికి పంపిస్తే పంపించు గానీ... చేతికి నెట్ ఇచ్చి పంపించరా" అన్నాను.

వాడు నా వంక చూశాడు. కూర్చున్నాడు. టీ తాగడం మర్చిపోయి కప్పు అలాగే పట్టుకున్నాడు.

"ఆ రోజు నెట్ నా దగ్గర లేకపోతే నేను వెళ్ళేవాణ్ణి కాదక్కా" అన్నాడు.

మాస్టారి పద్ధతి ఎందుకో మా ఇద్దరికీ అప్పుడే తెలిసినట్టుంది. మేం దాన్ని శిక్ష అనుకున్నాం. ఓడినవాడు మర్నాడు తిరిగి రాక తప్పకూడదని ఆయన పెట్టుకున్న ఏర్పాటు అది.

ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం. మొన్న ఆదివారం చర్చి అయ్యాక, కోటు వేసుకుంటూ తమ్ముడు చెప్పాడు... రెండు సీట్లూ రెన్యూ చేశాడట. అయినా ఆ కుర్రాడు బంతి పట్టుకుని దిక్కులు చూస్తే మాత్రం తిట్టక మాననన్నాడు. తిట్టుకోమన్నాను.

ఇప్పుడు ఓడినవాడికి ఫోన్ తెరిస్తే తిట్లు కనిపిస్తాయి. రేపు నువ్వు రాకపోతే ఆట మొదలవదని చెప్పే నెట్ ఎవరూ చేతికివ్వరు...

మీ ఊరి గ్రౌండ్‌లో ఓడిన రోజు నెట్ ఎవరింటికి వెళ్ళేదో... గుర్తుంటే రాయండి.